మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కాదు



ఈ సాయంత్రం బీపీ గురించి, గుండె జబ్బు గురించి మాట్లాడతామని మేము చెప్పినప్పుడు నిర్వాహకులు కాస్త ఆశ్చర్యపోయారు. "అయ్యగారూ, అది డాక్టర్లు చెప్పాల్సింది కదా?" అన్నారు. నిజమే, మేము డాక్టర్లం కాము. వేదాంతం చదువుకున్నాం, బస్తీల్లో పని చేస్తున్నాం. అయితే సమాధుల తోటకు మేము వెళ్ళినన్ని సార్లు డాక్టర్లు వెళ్ళరు. నలభై, యాభై ఏళ్ళకే వెళ్ళిపోయినవారి శవపేటికల పక్కన నిలబడి ప్రార్థన చేసేది మేమే. అందుకే ఈ మాట చెప్పే బాధ్యత మాకూ ఉంది. దానికి ఇంకో కారణం కూడా ఉంది. అది ముందుగా ఒప్పుకోవాలి.

చెన్నైలో మా సంఘంలో ఒక పెద్దాయన ఉండేవారు. వాళ్ళ తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. పారిశుద్ధ్య పని. తెల్లవారక ముందే చీపురు పట్టుకుని వీధిలోకి వెళ్ళేవారు. ఆదివారం మాత్రం తెల్ల చొక్కా వేసుకుని అందరికంటే ముందు మందిరానికి వచ్చి చాపలు పరిచేవారు. ఆయనకు బీపీ ఉందని నాలుగేళ్ళ క్రితమే తెలిసింది. రోజూ మాత్ర వేసుకునేవారు. ఒకసారి ఎక్కడో స్వస్థత కూటానికి వెళ్ళి వచ్చి, ఆదివారం ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పారు. "నేను మాత్రలు పారేశాను, నాకు ఏ జబ్బూ లేదు" అన్నారు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. మేమూ కొట్టాం. ఒక్క మాట అడగలేదు.

మూడు నెలలు తిరగకుండానే ఒక తెల్లవారుజామున పనిలో ఉండగా ఛాతీ బరువెక్కింది. గ్యాస్ అనుకున్నారు. సోడా తాగారు. మేస్త్రీ ఏమంటాడోనని ఆ వీధి పూర్తి చేశారు. ఇంటికి వచ్చాక చెమటలు పట్టాయి. ఆటోలో ఒక చిన్న క్లినిక్‌కి, అక్కడి నుంచి ఇంకో చోటికి, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి తిప్పారు. చేరేసరికి మధ్యాహ్నమైంది. సాయంత్రానికి ఆయన లేరు.

భూస్థాపన అయిన తర్వాత ఆయన భార్య మాతో అన్న మాట ఇది: "అయ్యగారూ, నేను చెబితే వినలేదు. మీరు ఒక్క మాట చెప్పుంటే వేసుకునేవాడు."

ఆ ఒక్క మాట ఆ రోజు చెప్పలేకపోయాం. ఇవాళ మీకు చెప్పడానికి వచ్చాం.

అసలు బీపీ అంటే ఏమిటి?

మన గుండె రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకుంటుంది. కొట్టుకున్న ప్రతిసారీ రక్తాన్ని నాళాల్లోకి నెడుతుంది. ఆ రక్తం నాళాల గోడల మీద చేసే ఒత్తిడే రక్తపోటు. అది అందరికీ ఉంటుంది, ఉండాలి కూడా. లేకపోతే రక్తం మెదడు దాకా ఎక్కదు. కాబట్టి "నాకు బీపీ ఉంది" అంటే ఆ ఒత్తిడి ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉందని అర్థం.

చీటీ మీద రెండు అంకెలు రాస్తారు. పై అంకె గుండె ముడుచుకుని రక్తాన్ని నెట్టినప్పటి ఒత్తిడి. కింది అంకె గుండె సడలి మళ్ళీ రక్తం నింపుకునేటప్పటి ఒత్తిడి. 120/80 లోపు ఉంటే మంచిది. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే దాన్ని అధిక రక్తపోటు అంటారు. రెండిట్లో ఏ ఒక్కటి పెరిగినా పెరిగినట్టే. మధ్యలో ఉన్నవాళ్ళు తిండి, నడక సరిచేసుకుని మళ్ళీ మళ్ళీ చూపించుకుంటూ ఉండాలి.

"తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, నాకు బీపీ ఎందుకుంటుంది?" అని చాలామంది అడుగుతారు. చిక్కంతా అక్కడే ఉంది. ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు. నొప్పి లేకుండానే ఏళ్ళ తరబడి నాళాల్ని, గుండెను, మెదడును, మూత్రపిండాల్ని, కంటి పొరల్ని పాడు చేస్తుంది. పట్టీ కట్టి కొలిస్తే తప్ప తెలిసే దారి లేదు. మన దేశంలో పెద్దవాళ్ళలో కనీసం నలుగురిలో ఒకరికి బీపీ ఎక్కువగా ఉందని, అందులో సుమారు 12 శాతం మందికే అది అదుపులో ఉందని ప్రభుత్వమే చెబుతోంది. అంటే ఈ హాలులో నలుగురు కూర్చున్న ప్రతి వరుసలో ఒకరు ఉండవచ్చు. ఆ ఒకరికి తెలియకపోవచ్చు.

కొలిచే పద్ధతి కూడా తెలుసుకోండి. మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతూ చూపించుకుంటే ఎక్కువ చూపిస్తుంది. అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. వీపు కుర్చీకి ఆనించాలి, పాదాలు నేల మీద ఉండాలి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. అరగంట ముందు నుంచి కాఫీ, టీ, బీడీ వద్దు. మూత్రానికి వెళ్ళి రావాలి. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు. ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూడాలి. లావు చేతికి పెద్ద పట్టీ కావాలి, చిన్నది చుడితే అంకె తప్పు వస్తుంది.

గుండెకు ఏమవుతుంది?

గుండె లోపల ఎప్పుడూ రక్తం నిండి ఉన్నా, గుండె కండరం ఆ రక్తాన్ని నేరుగా వాడుకోలేదు. దానికి రక్తం తెచ్చే నాళాలు వేరే ఉన్నాయి. గుండె పైభాగాన కిరీటంలా చుట్టుకుని ఉంటాయి కాబట్టి వాటికి కొరోనరీ అని పేరు వచ్చింది. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. ఎడమది మళ్ళీ రెండుగా చీలుతుంది. ఇవి సన్నని గొట్టాలు.

బీపీ ఎక్కువగా ఉంటే ఈ గొట్టాల లోపలి పొర దెబ్బతింటుంది. దెబ్బతిన్న చోట కొవ్వు చేరుతుంది. పొగాకు, షుగరు, చెడు కొలెస్టరాలు ఈ పనిని ఇంకా తొందర చేస్తాయి. గొట్టం మెల్లగా ఇరుకవుతుంది. మెట్లు ఎక్కినప్పుడు, బరువు మోసినప్పుడు ఛాతీ పట్టేసి, ఆగితే తగ్గుతుంటే, గుండెకు రక్తం చాలడం లేదని అర్థం. దాన్ని ఏంజైనా అంటారు. అది ఒక హెచ్చరిక. ఒక రోజు ఆ కొవ్వు గడ్డ పగులుతుంది. పగిలిన చోట రక్తం గడ్డకట్టి దారి మూసేస్తుంది. దాని అవతల ఉన్న గుండె కండరం ఊపిరాడక చనిపోవడం మొదలవుతుంది. అదే గుండెపోటు.

గుండెపోటు గుర్తులు మనవాళ్ళందరికీ నోటికి రావాలి. ఛాతీ మధ్యలో బరువు, బిగింపు, మంట. అది ఎడమ చేతికి, దవడకు, మెడకు, వీపుకు, పొట్ట పైభాగానికి పాకవచ్చు. చల్లని చెమట, ఆయాసం, వాంతి వచ్చినట్టు ఉండటం. ఆడవాళ్ళకు, షుగరు ఉన్నవాళ్ళకు, వయసు మళ్ళినవాళ్ళకు ఛాతీ నొప్పి అంతగా లేకుండా ఉత్త ఆయాసం, నీరసం, కడుపులో వికారం మాత్రమే రావచ్చు. అందుకే "అమ్మకు గ్యాస్ పట్టింది" అని వాము నీళ్ళు ఇచ్చి పడుకోబెట్టవద్దు. గ్యాసో గుండెపోటో ఇంట్లో కూర్చుని మనం తేల్చలేం. ఈసీజీ తేలుస్తుంది. ఆసుపత్రికి వెళ్ళాక గ్యాసే అని తేలితే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. దేవునికి స్తోత్రం చెప్పుకుని ఇంటికి వద్దాం.

అలా అయినప్పుడు మనిషిని నడిపించకండి, బైక్ మీద కూర్చోబెట్టకండి. 108కి ఫోన్ చేయండి. తమిళనాడు, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్ర, యానాం, అన్ని చోట్లా అదే నంబరు. గుండెకు చికిత్స ఉన్న ఆసుపత్రి మీ ఇంటికి దగ్గరలో ఏది ఉందో ఇవాళే కనుక్కుని పెట్టుకోండి, ఆ రోజు వెతుక్కోవద్దు. మొదటి గంటలో చికిత్స అందితే గుండె కండరం చాలావరకు దక్కుతుంది. ప్రతి గంటకూ దక్కేది తగ్గిపోతుంది. మనిషి పడిపోయి, పిలిస్తే పలక్క, ఊపిరి ఆడకపోతే, రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి ఛాతీ మధ్యలో గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సహాయం వచ్చేదాకా నొక్కుతూనే ఉండాలి. యవ్వనస్తులారా, గిటారు నేర్చుకున్నట్టే ఇది కూడా నేర్చుకోండి.

బీపీ గుండెతో ఆగదు. మెదడుకు వెళ్తే పక్షవాతం. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే అప్పుడూ 108కే ఫోన్ చేయాలి. చాలామంది పసరు మందుకు తీసుకెళ్ళి విలువైన గంటలు పోగొడుతున్నారు.

రాష్ట్రపతికి దొరకనిది మనకు దొరుకుతోంది

ఇక్కడ ఒక చరిత్ర చెప్పాలి. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టుకు 1944లో ఒక గుండె డాక్టరు బీపీ చూస్తే 186/108 ఉంది. ప్రపంచంలో అంతటి అధికారం ఉన్న మనిషికి ఇవ్వడానికి ఆ రోజుల్లో సరైన మందు లేదు. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తనాళం చిట్లి ఆయన చనిపోయారు. 1948లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్ళో 5,209 మందిని తీసుకుని, గుండె జబ్బు ఎవరికి వస్తుంది, ఎందుకు వస్తుంది అని ఏళ్ళ తరబడి గమనించడం మొదలుపెట్టారు. బీపీ, పొగతాగడం, కొలెస్టరాలు గుండెకు చేటు అని మనం ఇవాళ సులువుగా చెప్పుకుంటున్నది చాలావరకు అక్కడి నుంచి వచ్చిందే.

మన దేశం వంతు కూడా ఉంది. బొంబాయిలో డాక్టరు రుస్తుం జాల్ వకీల్ సర్పగంధ వేరుతో బీపీ తగ్గుతుందని రోగుల మీద పరీక్షించి, 1949లో బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురించారు. ప్రపంచమంతా ఆ మందు వాడింది. ఇప్పుడు అంతకంటే మంచివి వచ్చాయి కాబట్టి వేరు నూరుకుని తాగమని మేము చెప్పడం లేదు. చెప్పేది ఒక్కటే. రూజ్‌వెల్టుకు దొరకని మాత్ర ఇవాళ మన బస్తీ పక్కన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తున్నారు. అయినా మా సంఘ పెద్ద చనిపోయారు. మందు ఉండి కూడా మనిషి ఎందుకు పోయాడు? ఈ ప్రశ్న డాక్టర్లది మాత్రమే కాదు, సంఘానిది, సమాజానిది.

మాత్రల మీద మన అపోహలు

"ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలి, అందుకే మొదలుపెట్టను" అంటారు. కళ్ళద్దాలు జీవితాంతం పెట్టుకుంటున్నాం కదా? "మాత్రలు కిడ్నీలు పాడు చేస్తాయి" అంటారు. అదుపులో లేని బీపీనే కిడ్నీలను పాడు చేస్తుంది, మాత్ర వాటిని కాపాడుతుంది. "ఇప్పుడు బీపీ నార్మల్ వచ్చింది, మానేశాను" అంటారు. నార్మల్ వచ్చింది మాత్ర వల్లనే. గొడుగు కింద తడవలేదని వానలో గొడుగు మూసేస్తామా?

కొన్ని మాత్రలతో పాదాలు వాస్తాయి, కొన్నిటితో పొడి దగ్గు వస్తుంది. అలా అయితే మానేయకండి, డాక్టరుకు చెప్పండి. వేరే రకం ఇస్తారు. గర్భంతో ఉన్న చెల్లెళ్ళు, గర్భం కోరుకుంటున్నవాళ్ళు తప్పకుండా చెప్పాలి. బీపీ మాత్రల్లో కొన్ని అప్పుడు పనికిరావు. ఇంకొకటి, మగ్గం మీద, చెత్త బండి మీద పని చేసేవాళ్ళు ఒళ్ళు నొప్పులకు మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొని రోజూ మింగుతున్నారు. వాటిలో చాలావాటికి బీపీ పెరుగుతుంది, కిడ్నీలకూ చేటు. మీ నాన్నగారి జేబులో ఏ మాత్రలున్నాయో ఒకసారి చూడండి.

ఇక విశ్వాసం సంగతి. మేము ప్రార్థనను నమ్ముతాం, స్వస్థతను నమ్ముతాం. హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో ఉన్నప్పుడు ప్రార్థన చేశాడు, దేవుడు ఆలకించాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమన్నాడు. ప్రార్థన విన్న దేవుడే కట్టు కట్టమన్న ప్రవక్తను పంపాడు. పౌలుతో తిరిగిన లూకా వైద్యుడు. వేలూరులో 1900లో ఒక్క మంచంతో ఐడా స్కడ్డర్ మొదలుపెట్టిన వైద్యశాలను చూడండి. ప్రార్థన చేసే చేతులే అక్కడ నాడి పట్టుకున్నాయి. మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కాదు. మాత్ర పారేయడం విశ్వాసానికి కొలత కాదు. దేవుడు స్వస్థపరిచాడని మీకు అనిపిస్తే, డాక్టరు దగ్గర కొలిపించుకోండి. నిజమైన స్వస్థత బీపీ మిషనుకు భయపడదు.

ఉపవాస ప్రార్థన రోజుల్లో కూడా బీపీ, షుగరు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా మాత్రలు ఆపవద్దు. ఈ మాట ఇకమీదట కాపరులే ప్రకటనల్లో చెప్పాలి.

మన పళ్ళెం, మన అలవాట్లు

పెద్దవాళ్ళకు రోజుకు ఉప్పు 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు, దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఇళ్ళలో ఎంత తింటున్నాం? ఊరు వదిలి మూడు తరాలైనా ఆవకాయ జాడీ వదల్లేదు. అది మన భాషలాంటిది, వదలమని మేమూ చెప్పం. కానీ పప్పులో ఉప్పు, పక్కన ఊరగాయ, అప్పడం, ఊరమిరపకాయ, ఎండు చేప, ఆఖర్న పెరుగన్నంలో మళ్ళీ ఉప్పు! ఇవన్నీ ఒకే పూట వద్దు. ఊరగాయ బద్ద ఒకటి చాలు. ఎండు చేపను నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి వండండి. బల్ల మీద ఉప్పు గిన్నె తీసేయండి. చిప్స్, మిక్చర్, ప్యాకెట్ నూడుల్స్‌లో ఉప్పు దాగి ఉంటుంది. ప్రేమ విందులో కూడా ఒక కూర తక్కువ ఉప్పుతో, కాసిని పండ్లు పెట్టవచ్చు. సోడియం తగ్గించిన ఉప్పు మంచిదే, కానీ అందులో పొటాషియం ఉంటుంది కాబట్టి కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా వాడకూడదు.

పొగాకు ఏ రూపంలోనైనా గుండెకు శత్రువే. బీడీ, చుట్ట, సిగరెట్టు, ఖైనీ, గుట్కా, ఒడిశాలో పళ్ళు తోముకునే గుడాఖు, అన్నీ. "మేము పొగ తాగం, గుడాఖు మాత్రమే" అనే అక్కలకు అది కూడా పొగాకే అని మెల్లగా చెప్పండి. సారా, బీరు బీపీని పెంచుతాయి. రోజూ అరగంట చురుకుగా నడవడం, నడుం చుట్టుకొలత తగ్గించడం, సరిగా నిద్రపోవడం మాత్రలంత అవసరం.

తప్పంతా తిండిదేనా?

కాదు. ఇక్కడ సంఘంగా మనం నిలబడాలి. భివాండీ, సోలాపూర్ మగ్గాల మీద రాత్రి షిఫ్టు చేసేవాడికి నిద్ర ఎక్కడిది? తెల్లవారుజామున చీపురు పట్టే అమ్మకు ఆసుపత్రి తెరిచే సమయంలో సెలవు ఎవరిస్తారు? ఒక రోజు మాత్రల కోసం వెళ్తే ఒక రోజు కూలి పోతుంది. పైగా భాష. చీటీ తమిళంలో, కన్నడలో, ఒడియాలో, మరాఠీలో ఉంటుంది. మన పెద్దవాళ్ళు ఆ భాషలు మాట్లాడగలరు గానీ చాలామంది చదవలేరు. పొద్దున మాత్ర రాత్రి వేసుకుంటారు, రెండు కలిపి వేసుకుంటారు, అర్థంకాక మానేస్తారు.

కొన్ని దారులు తెరుచుకున్నాయి, వాటిని వాడుకుందాం. తమిళనాడులో 2021 ఆగస్టులో కృష్ణగిరి జిల్లాలో మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' పథకం కింద బీపీ, షుగరు మాత్రలు ఇంటికే తెచ్చి ఇస్తారు. 46 ఏళ్ళకే వెళ్ళిపోయిన పునీత్ రాజ్‌కుమార్ పేరుతో కర్ణాటకలో ఉన్న 'హృదయ జ్యోతి' పథకం తాలూకా ఆసుపత్రుల్లోనే ఈసీజీ చూసి, గడ్డను కరిగించే ఖరీదైన ఇంజెక్షను ఉచితంగా ఇవ్వడానికి పెట్టింది. ఒడిశాలో 'నిరామయ' కింద ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితం. బయట కొనాల్సి వస్తే జన ఔషధి దుకాణంలో అదే మందు చాలా తక్కువ ధరకు వస్తుంది. ఇవి దానాలు కావు, మన హక్కులు. అందకపోతే అడుగుదాం. పారిశుద్ధ్య కార్మికులకు పని వేళల్లోనే పరీక్షలు చేయించాలని, ఆ రోజు కూలి కోయకూడదని కలిసి అడుగుదాం.

యవ్వనస్తులారా, మీకు నాలుగు పనులు

ఒకటి, ఈ నెలలో మీ బీపీ చూపించుకోండి. పద్దెనిమిదేళ్ళు దాటిన ప్రతివారూ. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే ఇంకా తప్పనిసరి. రెండు, ఒక్కొక్కరు మూడేసి ఇళ్ళు తీసుకోండి. ఆ ఇంటి పెద్దల మాత్రల చీటీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. పొద్దున మాత్రకు సూర్యుడి బొమ్మ, రాత్రి మాత్రకు చంద్రుడి బొమ్మ వేయండి. మూడు, సంఘంలో ఒక బీపీ మిషను కొని, నర్సు చెల్లెళ్ళ సాయంతో నెలకొక ఆదివారం ఆరాధన తర్వాత చూడండి. అంకెలు పుస్తకంలో రాయండి, పుల్పిట్ మీద చదవకండి. ఎవరి జబ్బు వారి గోప్యం. నాలుగు, ఎవరైనా మాత్రలు మానేశామని సాక్ష్యం చెబితే చప్పట్లు కొట్టకండి. ఆరాధన అయ్యాక పక్కకు పిలిచి, ప్రేమగా, "అన్నా, ఒకసారి కొలిపించుకుందాం రా" అనండి.

మా మందిరంలో ఇప్పుడు ఆ నాలుగోది ఒక నియమం. ఆ పెద్దాయన భార్య ప్రతి నెలా బీపీ బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవారి పేర్లు రాయించుకుంటారు. ఆమె చదువుకోలేదు. పక్కన ఒక పదో తరగతి అమ్మాయి రాస్తుంది. ఎవరైనా "నాకేం లేదులే అమ్మా" అని దాటిపోబోతే, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెడతారు. ఆ చేతికి ఎదురు చెప్పినవారిని మేము ఇంతవరకు చూడలేదు.

ఇవాళ హాలు వెనుక కూడా అలాంటి బల్ల ఒకటి వేసి ఉంది. భోజనానికి ముందు అందరూ దాని మీదుగా వెళ్ళాలని మా మనవి. ముందు మేమే కూర్చుంటాం.